తోమకూడని బిళ్ళ

ఆ రోజుల్లో మా ఉద్దానం మనుషులకి వస్తువన్నాక మెరవాలని గట్టి నమ్మకం. రాగిచెంబు మెరవాలి, ఇత్తడి బిందె మెరవాలి, లాంతరు గ్లాసు మెరవాలి, పెళ్ళికి బయల్దేరిన మగవాడి తల కొబ్బరినూనెతో మెరవాలి. చుట్టాలొస్తున్నారంటే ముందు సామాను తోమేవారు, తర్వాత పిల్లల్ని తోమేవారు. పూండి చుట్టుపక్కల ఈ విద్యలో మా అమ్మని మించినవాళ్ళు లేరు. కాస్త బూడిద, చింతపండు పిప్పి, గుప్పెడు కొబ్బరిపీచు చేతికందితే చాలు, ఆవిడ ఇంక ఎవరి మాటా వినేది కాదు. (మా ఇంట్లో తాతలనాటి ఇత్తడి గంట ఒకటుండేది. దాని మీద ఏదో రాసి ఉండేదని నాన్న చెప్పేవాడు. నాకు ఊహ తెలిసేసరికి అది కోడిగుడ్డులా నున్నగా ఉంది. ఏం రాసి ఉండేదో ఆయనకీ గుర్తులేదు.)

నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. పలాసలో ఒక జీడిపప్పు బట్టీలో గుమాస్తాని. పొద్దున్నే పూండిలో పాసింజరెక్కి వెళ్ళడం, జీడిపిక్కల బస్తాలు తూయించి పుస్తకంలో రాయడం, సాయంత్రం అదే పాసింజరులో ఒళ్ళంతా పొగవాసనతో ఇంటికి రావడం. ఆ మాత్రానికే నేను పెద్ద ఆఫీసర్ననుకునేవాణ్ణి. చొక్కాజేబులో రెండు కలాలు పెట్టుకునేవాణ్ణి. అందులో ఒకదానికి పాళీ లేదు, కానీ ఆ సంగతి చూసేవాళ్ళకి తెలీదు కదా.

మా అమ్మకి ఒక్కడే తమ్ముడు. టెక్కలిలో కచేరీలో పని. ఆయన్ని చుట్టాలందరూ బిళ్ళల మావ అనేవారు. పాత నాణేలంటే పిచ్చి. రాజులకాలం బిళ్ళలు, కుంపిణీవాళ్ళ దుడ్లు, ఏవి దొరికినా తెచ్చుకుని, చెక్కపెట్టెల్లో మెత్తటి గుడ్డ పరిచి, ఒక్కోదాని కింద ఒక్కో చీటీ రాసి పెట్టుకునేవాడు. ఎవరింటికి వెళ్ళినా మంచినీళ్ళు తాగే లోపలే "మీ ఇంట్లో పాత బిళ్ళలేటైనా ఉన్నాయేటి?" అని అడిగేవాడు. (పరామర్శకి వెళ్ళినచోట కూడా అడిగాడని అమ్మ చాలాకాలం ఆయనతో మాట్లాడలేదు.) ఆయనకి ఒక్కతే కూతురు, నా మరదలు. గలగలా మాట్లాడేది, గబగబా నడిచేది, అన్ని పనులూ ఎడమచేత్తోనే చేసేది. రాయడం, ముగ్గెయ్యడం, కత్తిపీట మీద కూర తరగడం, అన్నీ ఎడమచెయ్యే. ఆ పిల్లంటే నాకు చిన్నప్పట్నుంచీ ఇష్టం. ఆ సంగతి ఆ పిల్లకి తప్ప అందరికీ చెప్పాను.

అమ్మకీ ఆ సంబంధం ఇష్టమే. కాకపోతే ఒక్క అభ్యంతరం. "పిల్ల బంగారం కాదేటి. ఆ ఎడంసెయ్యి ఒకటే. మనింటికొచ్చినాక నాను మార్పించేత్తాను కదా, దానికేటి" అనేది. పెరట్లో అనేది, నూతి దగ్గర అనేది, రైల్లో పక్కనెవరు కూర్చుంటే వాళ్ళతో అనేది.

ఆ ఏడు వేసవిలో కొత్తగా కొబ్బరిమొక్కలు పెడదామని తోటలో గోతులు తవ్విస్తున్నాం. మూరెడు లోతులో ఇసకలోంచి ఒక రాగిబిళ్ళ బయటపడింది. దళసరిగా, ఆకుపచ్చ చిలుముతో, చేతిలో పెట్టుకుంటే చల్లగా ఉంది. ఒకవైపు మాకు తెలియని అక్షరాలు, వాటి కింద గోరులో సగమంత పువ్వు. నేను ఒక పోస్టుకార్డు దాని మీద పరిచి పెన్సిలుతో రుద్దాను. అక్షరాలు, పువ్వు అచ్చుగుద్దినట్టు కార్డు మీదకి వచ్చాయి. మిగిలిన జాగాలో అందరూ క్షేమం అని రాసి మావకి పడేశాను. నాలుగోనాటికి జవాబు వచ్చింది. "అల్లుడికి ఆశీర్వచనాలు. ఆ పువ్వు గుర్తున్న బిళ్ళ కోసం నేను ముప్ఫై ఏళ్ళుగా వెతుకుతున్నాను. వచ్చే ఆదివారం అది పట్టుకుని రా. మా అప్పని, అదే మీ అమ్మని, కూడా తీసుకురా. ఇంకొక మాట కూడా మాట్లాడుకోవాలి."

ఆ చివరి మాటతో మా ఇల్లు ఇల్లుగా లేదు. ఇంకొక మాట అంటే పెళ్ళిమాట కాక మరేటి. మాకు ఒక పద్ధతుంది. పిల్లని అడగడానికి వెళ్తూ పట్టుకెళ్ళేది ఏదైనా సరే, కొబ్బరికాయ పీచు దగ్గర్నుంచి పళ్ళెం అంచు దాకా శుభ్రంగా ఉండాలి. మాసిన వస్తువు పెద్దవాళ్ళ చేతిలో పెడితే మన మనసు కూడా అలాగే ఉందనుకుంటారట. అమ్మ ఆ బిళ్ళని ఒకసారి చూసి, "ఈ మురికి మొకం బిళ్ళ అట్టికెళ్ళి నా తమ్ముడి సేతిలో పెడతావా? సూసినోలేటనుకుంటారు?" అంది. నాకూ నిజమేననిపించింది.

మొదట అమ్మ చింతపండు, బూడిద పెట్టి తోమింది. చిలుము పోయింది గానీ గీతల సందుల్లో కాస్త మిగిలింది. నాన్న ఆలోచించి, జీడిమామిడి పండు రసం పడితే చొక్కా మీద మచ్చే పోదు, రాగి మీద చిలుమొక లెక్కా అన్నాడు. (ఈ తర్కం నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.) ఆ రోజుల్లో తోటల్లో పళ్ళు రాలి కుళ్ళుతుండేవి. ఒక లోటాడు రసం పిండి, బిళ్ళని రాత్రంతా అందులో నానబెట్టాం. తెల్లారి తీస్తే కొత్త పెళ్ళికూతురి మొహంలా తళతళలాడింది. ఇంక నా వంతు. కాశీబుగ్గలో కంసాలి దగ్గరికి పట్టుకెళ్ళి, దండలో ఎక్కించుకునేలా పైన ఒక కొక్కెం అతికించమన్నాను. ఆయన పనిమంతుడు. ఇంకేమైనా చెయ్యనా బాబూ అన్నాడు. మావ పేరులో మొదటి అక్షరం చెక్కమన్నాను. ఎక్కడ చెక్కమంటారు అంటే, బిళ్ళంతా చూసి, అక్షరాల కింద ఆ పువ్వున్న చోట కాస్త జాగా ఉంది కదా అక్కడ చెక్కెయ్యి అన్నాను. బంగారు నీళ్ళు పొయ్యనా అని కూడా అడిగాడు. ఆ నెల జీతం అప్పటికే అయిపోయింది కాబట్టి వద్దన్నాను. తర్వాత ఈ ఒక్క విషయంలో మావ నన్ను మెచ్చుకున్నాడు.

ఆదివారం అమ్మా నేనూ నౌపడా దాకా పాసింజరులో వెళ్ళి, అక్కణ్ణుంచి టెక్కలికి చిన్నరైలెక్కాం. ఆ రైలు ఎంత నిదానమంటే, కిటికీలోంచి కనబడ్డ తెలిసినవాళ్ళందరితోనూ అమ్మ పూర్తిగా మాట్లాడి ముగించేది. ఎప్పటిలాగే ఈసారీ ఒకావిడతో ఎడంచెయ్యి సంగతి కూడా చెప్పేసింది. బిళ్ళని కుంకుమభరిణెలో ఎర్ర పట్టుపీలిక మీద పడుకోబెట్టి, భరిణెని నా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

మావ వీధి అరుగు మీద మాకోసమే చూస్తున్నాడు. కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళు కూడా ఇవ్వకుండా లోపలికి తీసుకెళ్ళాడు. చాప పరిచి ఉంది, దాని మీద తెల్లగుడ్డ, గుడ్డ మీద భూతద్దం. ఒక పెట్టెలో ఖాళీ గుంట, దాని కింద చీటీ అప్పటికే రాసేసి ఉంది. నేను భరిణె తీసి ఇచ్చాను. మూత తీశాడు. పట్టుపీలిక ఎత్తి, కింద ఇంకేమైనా ఉందేమోనని చూశాడు.

"ఇదేట్రా?" అన్నాడు చివరికి.

"బిళ్ళ మావా."

"ఏ బిళ్ళ?"

"అదే. నీకు అచ్చు పంపించాను కదా, ఆ బిళ్ళే."

ఆయన భూతద్దం పెట్టి చూశాడు. తిప్పి చూశాడు. కొక్కెం చూశాడు. తర్వాత తన పేరు అక్షరం చూశాడు. ఆ అక్షరం చుట్టూ పువ్వు రేకలు రెండు ఇంకా మిగిలి ఉన్నాయి. ఆయన భూతద్దం కింద పెట్టేసి కళ్ళు మూసుకున్నాడు. మావ ఏడుస్తాడేమోనని నాకు భయమేసింది. నిజంగానే ఆయన కంట్లో తడి కనబడింది.

"ఒరే అల్లుడా, రాగికి ఆ చిలుము చర్మంరా" అన్నాడు. "ఇసకలో ఇన్నేళ్ళు పడుండి, ఒకో పొరా కట్టుకుని, లోపలున్న గీతల్ని అదే కాపాడుకుంటూ వచ్చింది. దాన్ని ఒలిచేశారు. చిలుముతో పాటు అక్షరాల మీద పదును పోయింది. ఇప్పుడిది మొన్న పోతపోసిన బిళ్ళలా ఉంది. దీన్ని ఎవలు సూసినా పాతదని నమ్మరు."

నాకు భయం ఉన్నా, దానితో పాటు కుతూహలం కూడా పుట్టింది. ఆ పాడు బుద్ధి నాకు ఇప్పటికీ ఉంది. "పోనీ మావా, కొక్కెం ఊడదీయించేస్తే?" అన్నాను.

"అతుకు మచ్చ ఉండిపోద్ది."

"మచ్చ అరగదీయిస్తే?"

"బిళ్ళ అరుగుద్ది."

"అయితే మళ్ళీ ఇసకలో పాతేద్దాం. చిలుము పడుతుంది కదా."

"పాతిపెట్టి, అక్కడ ఎన్నాళ్ళు కూకుంటావు?" అన్నాడు మావ. కోపంగా కాదు, నిజంగానే జవాబు కావాలన్నట్టు అడిగాడు.

అప్పటికి అమ్మకి ఉక్రోషం వచ్చింది. "బాగుసేసి తెచ్చినోలని తిడతావేట్రా? మన మామ్మ మెళ్ళో రూపాయల దండకి కొక్కేలు లేవేటి? ఆటికి ఇలువ లేదేటి?" అంది.

"ఉంది అప్పా. ఎండి తూకం ఇలువ ఉంది. అలాగ ముచ్చటపడి సేయించుకున్నవే ఏరి దాసుకునీవోలు కూడా ఉన్నారు. ఎవలో ఎప్పుడో మెళ్ళో ఏసుకున్నారంటే అదొక ముచ్చట. ఆ పెట్టె వేరు. కానీ పువ్వు గుర్తు బిళ్ళ కావాలనుకున్నోడికి పువ్వు గావాల కదా. మీరు ఆ పువ్వు మీద నా పేరే సెక్కించినారు." ఇంత చెప్పి, భరిణె మూతపెట్టి అమ్మ చేతిలోనే పెట్టేశాడు. "నువ్వే ఏసుకో అప్పా, నీ మెళ్ళో బాగుంటది." (అమ్మ ఆ మాటని మెచ్చుకోలుగానే తీసుకుంది. పోయేదాకా నల్లతాడులో ఆ బిళ్ళ వేసుకుంది, అడిగినవాళ్ళకల్లా తమ్ముడు పెట్టాడని చెప్పేది.)

మరి ఇంకొక మాట? అమ్మే కదిపింది. బిళ్ళ సంగతి పోనియ్యి, పిల్ల సంగతి చెప్పు అంది. మావ జవాబు చెప్పేలోగా గుమ్మం దగ్గర్నుంచి నా మరదలు వచ్చింది. అంతసేపూ అక్కడే నిలబడి విందన్నమాట.

"అత్తా, మా నాన్న ముప్పయ్యేళ్ళు ఎతికిన బిళ్ళని రెండ్రోజుల్లో ఇలాగ సేసినారు. మరి నన్నేటి సేత్తారు? నా సెయ్యి మార్పించేత్తానని ఊరందరికీ సెప్తన్నావంట కదా. మొన్న చినరైల్లో వచ్చినావిడ సెప్పింది" అంది. అప్పుడా పిల్ల నావైపు తిరిగి, "బావా, నువ్వేటంటావు?" అని అడిగింది.

నా జీవితంలో నన్ను ఎవరైనా ముఖ్యమైన ప్రశ్న అడిగారంటే అది అదే. జేబులో రెండు కలాలున్న మనిషిని, పలాసలో నలభైమంది చేత బస్తాలు మోయించే మనిషిని, నేనేమన్నానో చెప్పడానికి ఇప్పటికీ తల దించుకుంటాను. "అమ్మ ఎలాగంటే అలాగే" అన్నాను.

ఆ పిల్ల నన్ను ఒక నిమిషం చూసింది. కోపం కూడా లేదు ఆ చూపులో. తర్వాత వెళ్ళి వాళ్ళ నాన్న పెట్టెలోంచి ఎడమచేత్తో ఒక బిళ్ళ తీసింది, మొహం మీద వేలు పడకుండా అంచులు పట్టుకుని. మాది లాంటిదే, చిలుము పట్టిన కుంపిణీ దుడ్డు, కాకపోతే పువ్వు లేదు. కాగితంలో చుట్టి నా చేతిలో పెట్టింది. "దీన్ని ఏడాది ఉంచు బావా. తోమకు. ఎవల్నీ తోమనియ్యకు. వచ్చే వేసవికి ఇలాగే అట్టుకొచ్చి సూపించు. అప్పుడు మళ్ళీ అడుగుతాను, నా సెయ్యి సంగతి" అంది. మావ అడ్డు చెప్పలేదు. పైపెచ్చు, "పాపం, మంచి బిళ్ళ" అన్నాడు. ఎవరి మీద జాలిపడ్డాడో అప్పుడు నాకు తెలీలేదు.

అలా మా అమ్మ ఉన్న ఇంట్లో ఒక చిలుము బిళ్ళని ఏడాదిపాటు కాపాడే పని నా మీద పడింది. అది కూడా ఎలాంటి ఇల్లు, గోడకి కొట్టిన మేకుల్ని కూడా పండక్కి తోమే ఇల్లు. మొదట ట్రంకుపెట్టెలో పెట్టాను. అమ్మ పెట్టె దులిపింది. దూలం సందులో పెట్టాను. అమ్మ బూజు కర్ర పట్టుకుంది. బట్టీకి పట్టుకెళ్దామంటే అక్కడి పొగకి బిళ్ళేం ఖర్మ, మనుషులే రంగు మారిపోతారు. అమ్మ పంతానికి తోమాలని కాదు. దాన్ని చూస్తే ఆవిడకి నిజంగా బాధ. "ఒక్కసారి నీళ్ళతోనైనా కడగనీరా. ఇంట్లో అంత మురికుంటే లచ్చిందేవి ఎలగొస్తాది?" అని బతిమాలేది. వద్దమ్మా, నా పెళ్ళి ఆగిపోద్ది అనేవాణ్ణి. బిళ్ళకీ పెళ్ళికీ సంబంధమేమిటో ఊళ్ళోవాళ్ళకి అర్థం కాక, నాకు ఏదో గ్రహదోషం ఉందని చెప్పుకున్నారు.

వానాకాలం వచ్చింది. మా సముద్రపుగాలికి ఇనుమే ఏడాదిలో తుప్పుపట్టి పొట్టులేస్తుంది. ఒకరోజు కాగితం విప్పి చూస్తే, బిళ్ళ మీద అక్కడక్కడ తెల్లటి ఆకుపచ్చ పిండిలాంటి పొక్కులు లేచాయి. ముట్టుకుంటే తప్పు, ముట్టుకోకపోతే తినేసేలా ఉంది. పోస్టుకార్డు రాశాను. "బిళ్ళకి పొక్కులు లేచాయి. ఏమి చెయ్యాలో తెలియడం లేదు." వారం తిరక్కుండా జవాబు. మావ రాత కాదు. అక్షరాలన్నీ వెనక్కి వాలి ఉన్నాయి, ఎడమచేతి రాత. "అది మంచి చిలుము కాదట. నున్నగా ముదురు రంగుగా ఉన్నది మంచిది, పిండిలాగ రాలేది తేమ వల్ల వచ్చే రోగమట. నాన్న చెప్పారు. గోకవద్దు. పొడి కాగితంలో చుట్టి బియ్యం డబ్బాలో పెట్టు, తేమ లాగేస్తుంది. నువ్వు కులాసాయేనా?"

ఆ ఆఖరి ముక్క నేను ఎన్నిసార్లు చదువుకున్నానో లెక్కలేదు. దానికి జవాబుగా, నేను కులాసా, బిళ్ళ కూడా కులాసా అని రాశాను. బిళ్ళకి ఇప్పుడెలా ఉంది అని ఆవిడ రాసేది. నిన్నటికన్న నయం అని నేను రాసేవాణ్ణి. కార్డు కదా, పోస్టుమేన్ చదివేవాడు, నాన్న చదివేవాడు, అమ్మ చదివించుకునేది. ఇంత మందిలో ఇంకేం రాసుకుంటాం? ఆ ఆరు నెలలూ మేం ఒకరినొకరం ఆ బిళ్ళ పేరు మీదే అడిగి తెలుసుకున్నాం. ఒకసారి నాకు జ్వరమొచ్చి కార్డు రాయలేదు. బిళ్ళకేమైంది, నాకు నిద్ర పట్టడం లేదు అని రాసింది. ఆ కార్డు చదివి మా పోస్టుమేన్ కూడా నవ్వలేదు.

ఇంకో రెండు నెలల్లో గడువు తీరిపోతుందనగా ఒక సాయంత్రం నేను పలాస నుంచి వచ్చేసరికి నాన్న అరుగు మీద దవడ పట్టుకుని కూర్చున్నాడు. ఆ మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా చుట్టాలు దిగారట. అమ్మ హడావుడిలో బియ్యం డబ్బా వంచి ఎసట్లో పోసేసింది. కాగితం ఉడికి కరిగిపోయింది, బిళ్ళ నాన్న కంచంలోకి వచ్చింది. ఆయన పన్ను ఒకటి కదిలింది. నేను వంటింట్లోకి పరిగెత్తాను. అమ్మ నేల మీద కూర్చునుంది. ఎదురుగా పీట మీద బిళ్ళ. పక్కన చింతపండు పిప్పి, కొబ్బరిపీచు.

"తోమలేదురా" అంది అమ్మ. "గెంజి అంటుకున్నాది కదాని పీసు తీసినాను. సెయ్యి దురదెట్టింది. కానీ తోమలేదు. నీ పెళ్ళాగిపోద్దన్నావు కదా."

మా అమ్మ అంత కష్టపడి ఏ పనీ మానుకోవడం నేను అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. పక్కన కూర్చుని ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. గంజి ఆరితే, బిళ్ళకి ఒకవైపు పొక్కులు రాలిపోయి, రంగు కాస్త వెలిసి కనిపించింది.

మర్నాడు బట్టీలో పిక్కలు వేపించే మేస్త్రికి ఈ బాధ చెప్పుకున్నాను. ఆయన నవ్వి, "దీనికింత దిగులెందుకు గుమాస్తా బాబూ. పిక్కల తొక్కలోంచి కారీ జీడినూనుంది కదా, ఒక్క సుక్క రాసి పొగ సూపించు. నల్లగా, ఎయ్యేళ్ళ బిళ్ళలా తయారవుద్ది. మీ మావ భూతద్దం ఏటి సేత్తాది?" అన్నాడు. కొబ్బరిచిప్పలో కాస్త నూనె కూడా పోసి ఇచ్చాడు. అబద్ధమెందుకు, తీసుకున్నాను. వేలు ముంచాను కూడా. (జీడినూనె ఒంటి మీద పడితే చర్మం కాలి నల్లబడి ఊడిపోతుంది. ఆ సంగతి రోజూ చూస్తూనే ఉన్నవాణ్ణి, అయినా ముంచాను.) వేలు చురుక్కుమంది. ఆ మంటలో ఉండగానే బుద్ధి వచ్చింది. నేను మళ్ళీ అదే పని చెయ్యబోతున్నాను. కిందటేడు మెరిపించి పాడుచేశాను, ఈ ఏడు మసిపూసి పాడుచెయ్యబోతున్నాను. నూనె పారబోసి, ఇంటికెళ్ళి కార్డు రాశాను. "బిళ్ళ అన్నంలో ఉడికిపోయింది. ఒకవైపు రంగు వెలిసింది. అమ్మ తోమలేదు. నేను దాన్ని సరిచేద్దామనుకున్నాను గానీ చెయ్యలేదు."

దానికి జవాబు రాలేదు. వారం చూశాను, రెండు వారాలు చూశాను. ఆ రోజుల్లో నేను పడ్డ దిగులు ఇంతా అంతా కాదు. అన్నం సయించేది కాదు. (అన్నం చూస్తే బిళ్ళే గుర్తొచ్చేది మరి.) బస్తాల లెక్క రెండుసార్లు తప్పు రాసి చీవాట్లు తిన్నాను. అదే పిల్ల ఇంకెవరి ఇంటికో వెళ్ళి, అక్కడెవరో ఆ చెయ్యి మీద కొట్టి కొట్టి మార్పిస్తారేమోనని తలుచుకుంటే దుఃఖం వచ్చేది. అందులో నా స్వార్థమెంతో ఆ పిల్ల మీద జాలెంతో నేను విడదీసి చెప్పలేను.

గడువు తీరిన ఆదివారం అమ్మా నేనూ మళ్ళీ టెక్కలి వెళ్ళాం. దారిపొడుగునా చిన్నరైల్లో అమ్మ ఎవరితోనూ మాట్లాడలేదు. మావ అదే చాప మీద, అదే తెల్లగుడ్డ మీద బిళ్ళ పెట్టి భూతద్దంతో చూశాడు. చాలాసేపు చూశాడు. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను.

"ఇలాగ ఉడికిన బిళ్ళ నేనెప్పుడూ సూడలేదురా" అన్నాడు తలెత్తి. ఆయన మొహంలో కోపం లేదు, ఎక్కడా దొరకని బిళ్ళ దొరికినప్పటి కుతూహలం ఉంది. "ఎసరు మరిగినాక పడిందా, ముందే పడిందా? ఎంతసేపుంది?" అని అమ్మని అడిగాడు. అమ్మ చెప్పింది. ఆయన కొత్త చీటీ తీసి, 'పూండిలో అన్నంతో పాటు ఉడికినది. తోమలేదు' అని రాసి, బిళ్ళని పాత గుంటలోనే పెట్టి, చీటీ దాని కింద పెట్టాడు. "ఇలువ తగ్గిందా మావా?" అన్నాను. "తగ్గింది. కొనీవోడికి తగ్గింది" అన్నాడు.

మరదలు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. కార్డుకి జవాబెందుకు రాయలేదని నేను అడగలేదు. ఆవిడ నా వేలి మీద మిగిలిన నల్లమచ్చ చూసింది, కానీ ఆ సంగతి అడగలేదు. "బావా, నా సెయ్యి సంగతేటి?" అంది.

ఏడాదంతా ఆ ప్రశ్నకి ఎన్నో జవాబులు తయారుచేసుకున్నాను, కవిత్వంలాంటివి కూడా. ఒక్కటీ గుర్తురాలేదు. "నీ సెయ్యి నీదే. నాను మార్చను, ఎవల్నీ మార్చనియ్యను" అన్నాను. అప్పుడా పిల్ల మా అమ్మవైపు చూసింది. అమ్మ మెళ్ళో బిళ్ళని సర్దుకుంటూ, "నన్ను సూత్తావేటే? బిళ్ళనే తోమకుండా ఒగ్గేసినాను. నీ సెయ్యి నాకెందుకు?" అంది. అని కళ్ళొత్తుకుంది. ఆ వేసవిలోనే మా పెళ్ళయింది. పెళ్ళిలో తలంబ్రాలు కూడా ఎడమచేత్తోనే పోసింది. ఎవరో ముసలావిడ గొణిగితే మా అమ్మే ఆవిడ మీదకి లేచింది.

ఇదంతా జరిగి యాభై ఏళ్ళు దాటింది. మావా లేడు, అమ్మా లేదు. మావ పెట్టెలు మా ఇంట్లోనే ఉన్నాయి, వాటి మీద దుమ్ము కూడా ఎవరూ తుడవం. నేను మాటకి కట్టుబడ్డాను, ఆవిడ చెయ్యి జోలికి ఈనాటికీ వెళ్ళలేదు. ఆవిడ మాత్రం నా జోలికి రాకుండా ఉండలేదు. మొదటి ఏడే నా రెండో కలం పారేసింది. తర్వాత నా కోపం తగ్గించింది, నా గురక తగ్గించలేక పక్క మార్చింది, అమ్మ ఎలాగంటే అలాగే అనే అలవాటు మాన్పించి నా మాట నేనే చెప్పుకునేలా చేసింది. భయం లేకుండా ఏడవడం కూడా ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. మొన్న అద్దం ముందు గడ్డం గీసుకుంటూ వెతికితే ఆ పలాస గుమాస్తా ఎక్కడా కనబడలేదు.

"నీ బిళ్ళని ఏడాది ముట్టుకోకుండా కాపాడాను. నన్ను మాత్రం ఇన్నేళ్ళూ తోమి తోమి, అసలు బిళ్ళేదో తెలీకుండా చేశావు కదే" అన్నాను.

ఆవిడ ఎడమచేత్తో చారులో పోపు పెడుతూ వెనక్కి తిరక్కుండానే అంది, "ఇంకొకలకి ఇచ్చీ బిళ్ళయితే తోమకూడదు బావా. నిన్ను నానెవలికీ ఇవ్వను కదా."

నేను సగం గీసిన గడ్డంతో అలాగే నిలబడిపోయాను. ఆ గుమాస్తా గనక అక్కడ ఉండి ఉంటే దీనికి ఏం జవాబు చెప్పేవాడా అని కాస్త ఆలోచించాను. వాడికి తోచేది కాదు పాపం. నేను నవ్వుకుని మిగిలిన సగం గీసుకున్నాను.